వెయ్యింటికో మగపురుగు

మైక్రోస్కోపు కింద మొదటిసారి దాన్ని చూసినప్పుడు ఆ పురుగుకేదో దెబ్బ తగిలిందనుకున్నాను. ప్లేటు నిండా వందలకొద్దీ పురుగులు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. తోక సూదిలా సన్నబడి, కడుపులో గుడ్లు వరసగా కనపడుతూ నింపాదిగా పాకుతున్నాయి. ఇదొక్కటే పీలగా, చురుగ్గా ఉంది. తోక చివర విసనకర్రలా విచ్చుకుంది. పక్క బెంచీ దగ్గరున్న సీనియర్ అక్కని పిలిచి చూపించాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, "మగది. పొరపాటున పుడుతుంటాయమ్మా, వదిలెయ్" అంది.

వదిలేశాను. ఆ "పొరపాటున" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. తర్వాత చదివిన పాఠాల్లో, విన్న ఉపన్యాసాల్లో అదే మాట రకరకాల రూపాల్లో ఎదురయింది. ఈ జాతికి మగవాటితో పని లేదట, అవి పరిణామం చెరపడం మరిచిపోయిన పాత గుర్తులట. పన్నెండేళ్లుగా ఈ పురుగులతోనే బతుకుతున్నాను. ఇప్పుడు గట్టిగానే చెప్పాలనిపిస్తోంది: అరుదుగా జరిగేదాన్ని అక్కర్లేనిదిగా లెక్కగట్టడం తప్పు. ఆ తప్పు మనం చేయడానికి కారణం, ఒక్క ఇంటి పురుగును చూసి ఊరంతా ఇంతే అనుకోవడం.

పురుగంటే మనకు పిల్లల కడుపులో ఏలికపాములు, కొంకిపురుగులు గుర్తొస్తాయి. టమాటా, వంగ వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులు రైతులకు బాగా తెలుసు. ఇది కూడా ఆ వంశానిదే, కాకపోతే ఎవరి జోలికీ పోదు. కుళ్లిన పండ్ల మీద, ఎరువుకుప్పల్లో పెరిగే బాక్టీరియాను తిని బతుకుతుంది. పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. పొడవు 1 మిల్లీమీటరు, ఒళ్లంతా గాజులా పారదర్శకం. గుడ్డులోంచి బయటపడింది మళ్లీ గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు రోజులు చాలు. జన్యుక్రమం మొత్తం చదివిన మొదటి బహుకణ జీవి ఇదే, 1998లో. దీని మీద చేసిన పనికి వచ్చిన నోబెల్ బహుమతుల గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ముందుకు పోతాను.

ఈ జాతిలో విడిగా ఆడ లేదు. ఉన్నవి ఉభయలింగులు, మగవి. ఉభయలింగి శరీరం ఆడదే. అయితే యవ్వనం వచ్చే ముందు కొద్దికాలం అది వీర్యకణాలను తయారుచేసి దాచుకుంటుంది, సుమారు 300. ఆ తర్వాత మీట తిప్పినట్టు అండాల వైపు మళ్లుతుంది, ఇక వెనక్కి రాదు. దాచుకున్న వీర్యంతో తన అండాలను తానే ఫలదీకరించుకుంటుంది. రెండు ఉభయలింగులు ఒకదానితో ఒకటి జతకట్టలేవు. బయటి సంబంధం కావాలంటే మగది ఉండి తీరాలి. ఉభయలింగికి రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి, మగదానికి ఒకటే. ఒంటరిగా కనేటప్పుడు ఎప్పుడైనా ఒక ఎక్స్ జారిపోతే మగపిల్ల పుడుతుంది. వెయ్యింటికి ఒకటో రెండో. మా అక్క "పొరపాటు" అన్నది దీన్నే, ఆ మేరకు ఆవిడ మాట నిజమే.

ఇలా తనలో తానే కనడం ఎంత గట్టి దగ్గరితనమో మన ఇళ్ల లెక్కతో చెప్తాను. బావామరదళ్లు పెళ్లి చేసుకుంటే, వాళ్ల బిడ్డకు ఒకే పాత జన్యుప్రతి తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ వచ్చే అవకాశం 16లో 1. మేనమామను చేసుకుంటే 8లో 1. ఈ పురుగు ఒంటరిగా కంటే 2లో 1. అంటే తల్లిలో రెండు ప్రతులు వేరువేరుగా ఉన్న చోట్లు బిడ్డలో సగానికి తగ్గిపోతాయి, మనవరాలిలో పావుకు. పది తరాలయ్యేసరికి, అంటే నెలా పది రోజులు తిరక్కుండానే, ఆ తేడా 1024లో 1 మాత్రమే మిగులుతుంది. ఇక ఎన్ని తరాలు కన్నా తల్లికీ పిల్లకీ తేడా ఉండదు. బంగినపల్లి అంటుకట్టినట్టే. అంటు ఎన్ని ఊళ్లకు పోయినా చెట్టు అదే చెట్టు, కాయ అదే కాయ. టెంక పాతితేనే ఏ రుచి వస్తుందో చెప్పలేం.

ల్యాబుల్లో ఉన్నదీ అలాంటి ఒక అంటే. 1951లో ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర, పుట్టగొడుగులు పెంచే ఎరువులో స్టానిలాండ్ అనే ఆయన పట్టిన పురుగుల సంతానం అది. కాలిఫోర్నియాలో ఎల్స్‌వర్త్ డోహర్టీ దగ్గర పెరిగి, అక్కణ్నుంచి కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ చేతికి వచ్చింది. ఆయన దానికి ఎన్2 అని పేరుపెట్టి, 1974లో దాని జన్యుశాస్త్రం గురించి రాసిన పత్రంతో ఒక కొత్త విద్యనే మొదలుపెట్టాడు. అంతకుముందే 1900 ప్రాంతంలో అల్జీర్స్‌లో ఎమీల్ మొపా, ఆ తర్వాత ఫ్రాన్సులో విక్టర్ నీగోన్ ఈ పురుగునే చదివారు. కానీ ప్రపంచమంతా పాకింది మాత్రం బ్రిస్టల్ అంటు.

దాన్ని చలిలో గడ్డకట్టించి భద్రపరచడం 1969లోగానీ మొదలవలేదు. 1951 నుంచి 1969 దాకా ప్లేటు మీంచి ప్లేటు మీదకి మారుస్తూ పెంచారు. మూడు రోజులకో తరం చొప్పున పద్దెనిమిదేళ్లంటే ఎన్ని తరాలో లెక్కవేయండి. ఆ తరాల్లో పురుగు ల్యాబుకు తగ్గట్టు మారిపోయింది. దీని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేనూ ఆ తప్పుడు కథనే నేర్చుకుని, రెండేళ్లు జూనియర్లకు నేర్పాను. అడవి పురుగులు చాలావరకు ప్లేటు అంచున గుంపులు కడతాయి. ఎన్2 మాత్రం విడివిడిగా తిరుగుతూ తింటుంది. 1998లో మారియో డి బోనో, కోరీ బార్గ్‌మన్ ఈ తేడాకు ఎన్‌పీఆర్-1 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు కారణమని చూపించారు. ప్రకృతిలో ఒంటరి పురుగులూ ఉన్నాయి, గుంపు పురుగులూ ఉన్నాయి, ఒక జన్యువు వాటి స్వభావాన్ని నిర్ణయిస్తోంది అని మేమంతా చదువుకున్నాం. 2009లో తేలిందేమిటంటే, ఆ ఒంటరి రూపం అడవిలో లేదు. ల్యాబులోనే పుట్టి, ల్యాబు తిండికీ ల్యాబు గాలికీ పనికొచ్చి నిలబడిపోయింది. చూపించిన ప్రయోగంలో తప్పేమీ లేదు. దాన్ని ప్రకృతి కథగా చదవడంలోనే తప్పుంది.

మగపురుగుల విషయంలోనూ అదే జరిగిందని నా నమ్మకం. ఎన్2 ప్లేటులోకి కావాలని మగవాటిని వదిలితే కొన్ని పదుల తరాల్లో అవి అంతరించిపోతాయి. ఈ ప్రయోగం చాలామంది చేశారు, నేనూ చేశాను, ప్రతిసారీ అదే ఫలితం. బ్రిస్టల్ మగవాటికి ఇంకో లోపం కూడా ఉంది. జతకట్టాక వేరే మగది రాకుండా కొన్ని మగపురుగులు ఉభయలింగికి జిగురుబిరడా పెడతాయి. 1972లో హవాయిలో పైనాపిల్ తోటలో పట్టిన సీబీ4856 అనే రకం ఇది చేస్తుంది. బ్రిస్టల్ రకం చేయదు. ఆ పని చేసే పీఎల్‌జీ-1 జన్యువు మధ్యలో, చోటు మార్చుకుంటూ తిరిగే జంపింగ్ జన్యువు ఒకటి దూరి దాన్ని విరగ్గొట్టిందని 2008లో తెలిసింది. ఒక్క బ్రిస్టల్‌లోనే కాదు, అడవి రకాల్లోనూ చాలా వాటిలో అదే విరుపు ఉంది. అంటే మగతనపు పరికరాలు తుప్పుపడుతున్న మాట వాస్తవం. దాన్ని నేను దాచను, దాస్తే నా వాదనకే మచ్చ.

కానీ ఆ ప్లేటు ఎలాంటిది? మెత్తటి అగర్ జెల్లీ మీద ఒకే రకం ఈ.కోలై బాక్టీరియా తిండి. వేడి మారదు, శత్రువు లేదు, రోగం లేదు. తిండి అయిపోయేలోపు మేమే కొత్త ప్లేటుకు మారుస్తాం. అలాంటి చోట తల్లి నకలు కంటే మంచి బిడ్డ ఎందుకుంటుంది? ఆ ఇంట్లో మగపురుగు అక్కర్లేదని తేలింది నిజమే. బయట ఊరి సంగతి ఆ ఇంట్లో కూర్చుని తేలదు.

ఊరి సంగతి చూడటానికి వెళ్లినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఫ్రాన్సులో మేరీ-ఆన్ ఫెలిక్స్‌ని. మట్టిపురుగు, మట్టిపురుగు అని యాభై ఏళ్లు రాసిన జీవి నిజానికి మామూలు మట్టిలో దాదాపు కనపడదు. కుళ్లుతున్న ఆపిల్ పండ్లలో, మెత్తబడిన కాడల్లో, ఎరువుకుప్పల్లో దొరుకుతుంది. పారిస్ దగ్గర ఓర్సేలో ఒక ఆపిల్ తోటలో ఆమె ఏళ్లతరబడి పండ్లు ఏరి లెక్కపెట్టింది. కుళ్లుకు కొన్ని పురుగులు చేరతాయి, కొద్ది రోజుల్లో ఒక్క పండులోనే పదివేలకు పెరుగుతాయి. తిండి అయిపోగానే పిల్లపురుగులు డావర్ అనే గట్టి నిద్రాణ దశలోకి పోయి, నత్తల మీదో రోకలిబండల మీదో ఎక్కి వేరే పండు వెతుక్కుంటాయి. మిగిలినవి చస్తాయి. నిండటం, ఎండటం, మళ్లీ నిండటం, ఇదే బతుకు.

ఆమె, ఆంత్వాన్ బారియర్ కలిసి 2005లో ప్రచురించిన పని నాకు చాలా ఇష్టం. అడవి పురుగుల్లో బయటి సంబంధాలు ఎంత తరచుగా కలుస్తాయో ఎలా తెలుసుకుంటాం? జతకట్టేటప్పుడు చూడాలంటే జన్మంతా కూర్చోవాలి. కానీ ఆ సంబంధం ఒక గుర్తు వదులుతుంది. పురుగు జన్యువుల్లో ఒకే చోట రెండు ప్రతులు వేరువేరుగా కనిపిస్తే, దాని ముందుతరాల్లో ఈమధ్యే ఎవరో బయటివాళ్లను కలిశారని అర్థం. ఇందాకటి లెక్క ప్రకారం ఆ గుర్తు ప్రతి తరానికీ సగానికి సగం చెరిగిపోతుంది. కాబట్టి పురుగును ల్యాబుకు తెచ్చి తీరిగ్గా నెల తర్వాత పరీక్షిస్తే ఏమీ మిగలదు. పట్టిన పురుగునే, పట్టిన రోజునే చూడాలి. వాళ్లు అలా చూశారు. నూటికి ఒకటి దరిదాపుల్లో బయటి సంబంధం కనిపించింది. కాలిఫోర్నియా పురుగుల మీద చేసిన ఒక అంచనా ఇంతకంటే చాలా ఎక్కువ చెప్పింది, తర్వాతి అంచనాలు కొన్ని ఇంకా తక్కువ చెప్పాయి.

నూటికొకటి అన్నది చూసి "చెప్పాం కదా" అన్నవాళ్లున్నారు. నేను ఆ అంకెను ఇంకోలా చదువుతాను. ఒక్క పండులో పదివేల పురుగులున్నప్పుడు నూటికొకటంటే నూరు పురుగులు. ఒక తోటలో రాలిన పండ్లెన్ని, ఒక ఏడాదిలో తరాలెన్ని? ఇవి కలిపితే కొత్త కలయికలకు కొదవ లేదు. అయితే ఒక షరతుంది. పండులో ఉన్నవన్నీ ఒకే తల్లి పిల్లలైతే జతకట్టినా ఉపయోగం లేదు, అంటుకు అంటు కలిపినట్టే. అందుకే ఆ పత్రంలో రెండో సగం ముఖ్యం. ఒకే ఎరువుకుప్పలో వేరువేరు వంశాల పురుగులు పక్కపక్కనే దొరికాయి. ప్రపంచం మొత్తం మీద ఉన్న వైవిధ్యంలో చాలా భాగం ఒక్క చిన్న తోటలోనే కనిపించింది. కలవడానికి వేరేవాళ్లున్నారు, కలిపే మగది అప్పుడప్పుడూ పుడుతోంది.

ఆ పుట్టే వేళల గురించీ చెప్పాలి. వేడి తగిలితే ఎక్స్ క్రోమోజోము ఎక్కువగా జారిపోతుంది. మగవి కావాలంటే ల్యాబులో మేం చేసేదే అది, యవ్వనానికి ముందున్న పురుగులను కొన్ని గంటలు 30 డిగ్రీల్లో ఉంచుతాం. ఆకలితో డావర్ దశకు పోయి వచ్చాక కొన్ని రకాల్లో బయటి సంబంధాలు పెరుగుతాయని 2009లో చూపించారు. వయసులో ఉన్న ఉభయలింగి మగదాన్ని చూస్తే తప్పించుకుపోతుంది. కానీ తన 300 వీర్యకణాలు అయిపోయాక, కడుపులో అండాలు ఇంకా ఉండగానే, మగవాటిని పిలిచే వాసన గాల్లోకి వదులుతుంది, వస్తే నిలబడుతుంది. ఒక్కసారి కలిస్తే మగదాని వీర్యకణాలు పెద్దవి కాబట్టి సొంతవాటిని పక్కకు నెట్టి ముందు పనిచేస్తాయి. పుట్టే పిల్లల్లో సగం మగవి! వెయ్యింటికొకటిగా ఉన్నది ఒకే తరంలో రెంటికొకటి అవుతుంది. ఇంత ఏర్పాటును చూసి ఇది చెరపడం మరిచిపోయిన గుర్తు అనడానికి నాకు నోరు రాదు.

దీనికి గట్టి సాక్ష్యం 2011లో ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. లీవై మొరాన్, ఆయన సహచరులు పురుగులకు సెరేషియా మార్సెసెన్స్ అనే ప్రాణాంతక బాక్టీరియాను ఎదురుపెట్టారు. కొన్ని ప్లేట్లలో బాక్టీరియా మారదు, ప్రతిసారీ పాత నిల్వ నుంచే తీస్తారు. మరికొన్నింటిలో పురుగులను చంపగలిగిన బాక్టీరియానే తర్వాతి తరానికి ఏరి పెడతారు, అంటే శత్రువు కూడా నేర్చుకుంటూ ఉంటుంది. పురుగులు మూడు రకాలు. ఒంటరిగా మాత్రమే కనగలిగేవి, జతకడితేనే కనేవి, రెండూ చేయగల మామూలువి. నేర్చుకునే శత్రువు ముందు ఒంటరివి 20 తరాల్లో ఒక్కటి మిగలకుండా అంతరించిపోయాయి. జతకట్టేవి నిలిచాయి. మామూలువాటిలో బయటి సంబంధాలు గబగబా పెరిగి, ఎత్తునే ఉండిపోయాయి. మారని శత్రువున్న ప్లేట్లలో మొదట పెరిగాయి, దాన్ని తట్టుకోవడం వచ్చాక మళ్లీ తగ్గిపోయాయి.

ఈ పత్రం చదివిన రోజు నాకు ఆ విసనకర్ర తోక మళ్లీ కళ్లముందు కదిలింది. పురుగులకు అక్కర ఉన్నప్పుడు మగవి పెరిగాయి, తీరాక తగ్గాయి. తగ్గిన రోజున ప్లేటు చూసినవాడు "మగవాటితో పని లేదు" అని రాసుకుంటాడు. బయట తోటలో శత్రువులు ఎప్పుడూ ఉంటాయి. పారిస్ దగ్గర పట్టిన అడవి పురుగుల పేగుల్లో నెమటోసిడా పారిసీ అనే పరాన్నజీవిని 2008లో గుర్తించారు. ఈ జాతికి సహజంగా సోకే మొదటి వైరస్, ఓర్సే వైరస్, 2011లో ఒక కుళ్లిన ఆపిల్ పురుగులో దొరికింది. అన్ని దశాబ్దాలు ల్యాబు పురుగులను చూసినవాళ్లకు వైరస్ అన్నది తెలియనే తెలియదు, ఎందుకంటే మనం తెచ్చుకున్నది శుభ్రం చేసిన పురుగును.

జన్యువైవిధ్యం మొత్తం మీద ఎంత? ఇక్కడ నా పక్షానికి మొదట దెబ్బ తగిలింది. 2012లో ఎరిక్ ఆండర్సన్, లియోనిద్ క్రుగ్లియాక్ బృందం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన 200 రకాలను పరిశీలిస్తే నిజంగా వేరైనవి 97 మాత్రమే. వాటిలోనూ కొన్ని క్రోమోజోముల్లో పెద్ద పెద్ద ముక్కలు ఖండాలు దాటి ఒకేలా ఉన్నాయి. గత కొన్ని వందల ఏళ్లలో, మనుషుల ప్రయాణాలు, మొక్కల రవాణా వెంట కొన్ని జన్యుముక్కలు పాతవాటిని తుడిచిపెట్టేస్తూ లోకమంతా పాకాయన్నమాట. రెండు పురుగుల జన్యువుల్లో వెయ్యి అక్షరాలకు రెండు మూడు తేడాలుంటే గొప్ప. ఎప్పుడూ జతకట్టే దాని దాయాది సీనోరాబ్డైటిస్ బ్రెన్నరీలో, ప్రొటీన్‌ను మార్చని చోట్ల, నూటికి 14 తేడాలుంటాయి! జంతువుల్లో ఇంత వైవిధ్యం చాలా అరుదు. ఆ పక్కన మన పురుగు నిరుపేదలా కనపడుతుంది.

కానీ ఆ 97 రకాలు ఎక్కడివి? ఎక్కువ భాగం యూరపు తోటలవి, మనుషులు తిరిగే చోట్లవి. తర్వాత హవాయి కొండల్లో రెండువేలకు పైగా నమూనాలు ఏరి, 95 పురుగుల జన్యుక్రమాలు చదివి 2019లో ప్రచురించారు. ఎత్తైన, చల్లటి చోట్ల దొరికిన ఆ పురుగుల్లో వైవిధ్యం మిగతా ప్రపంచంలోకంటే చాలా ఎక్కువ. లోకాన్ని తుడిచిన ఆ ముక్కలు చాలావాటిలో లేవు. ఇక 2021లో 328 రకాలను పోల్చిన పత్రం వచ్చింది. మిగతా జన్యుక్రమం ప్రశాంతంగా ఉండగా, కొన్ని చోట్ల మాత్రం రెండు రకాల మధ్య తేడాలు కుప్పలుగా పోగుపడి ఉన్నాయి. రకాలన్నింటినీ కలిపి చూస్తే అలాంటి ముక్కలు జన్యుక్రమంలో అయిదో వంతు దాకా ఉన్నాయి. ఆ ముక్కల్లో ఉన్నవి ఎక్కువగా వాసన పట్టే జన్యువులు, రోగాన్ని ఎదుర్కొనే జన్యువులు. అంటే బయట మారిపోయే లోకంతో తలపడేవి. జాతి తన పాత వైవిధ్యాన్ని కావలసిన చోటే దాచుకుని ఉంది. ఒంటరి వంశాలు ఆ ముక్కలను తరతరాలుగా మోస్తాయి. వాటిని ఒక వంశం నుంచి ఇంకో వంశానికి చేర్చి కొత్త కూర్పులు కట్టేది ఆ నూటికొక్క కలయికే. ఇంకెవరున్నారు ఆ పని చేయడానికి?

కలయిక ఎప్పుడూ మంచే చేస్తుందని నేనడం లేదు. 2008లో హన్నా సీడెల్, మాథ్యూ రాక్‌మన్, క్రుగ్లియాక్ ఒక విచిత్రాన్ని బయటపెట్టారు. బ్రిస్టల్ రకం వీర్యంలో పీల్-1 అనే విషం ఉంటుంది. దానికి విరుగుడు జీల్-1, అది పిండం తానే తయారుచేసుకోవాలి. విషం, విరుగుడు జన్యువులు పక్కపక్కనే ఉంటాయి. హవాయి రకానికి ఆ రెండూ లేవు. బ్రిస్టల్, హవాయి కలిసి పుట్టిన పిల్ల ఒంటరిగా కంటే, దాని పిల్లల్లో పావు వంతు విరుగుడు లేక గుడ్డులోనే చచ్చిపోతాయి. దూరపు వంశాలు కలిస్తే సంతానం బలహీనపడటం ఈ జాతిలో మామూలేనని అంతకు ఏడాది ముందే ఎలీ డోల్గిన్, సహచరులు చూపించారు. కలయికకు వెల ఉంది, వీళ్ల లెక్కలో అది చిన్న వెల కాదు. ఆ వెల చెల్లించి కూడా ఈ జాతి మగవాటిని పూర్తిగా వదులుకోలేదన్నదే నన్ను ఆపుతుంది.

డోల్గిన్ పత్రంలోనే ఇంకో సగం ఉంది. జతకడితేనే కనే సీనోరాబ్డైటిస్ రెమనీలో అన్నాచెల్లెళ్లను కలుపుతూ పోతే వంశాలు వరసగా నశించాయి. ఇది మా చుట్టాల పెళ్లిళ్లలో నాకు అక్కరకొచ్చింది. మేనరికం గురించి మాట వచ్చినప్పుడు, నా ఉద్యోగం తెలిసిన ఒక బాబాయి అడిగాడు: "మీ పురుగు తనని తానే చేసుకుంటుందటగా, దానికేం కాలేదు, మనకేమవుతుంది?" దానికేం కాకపోవడానికి కారణం, చెడు జన్యువులున్న వంశాలన్నీ లెక్కలేనన్ని తరాల్లో చచ్చి తుడిచిపెట్టుకుపోవడం. ఇప్పుడు కనిపించేవి బతికి బట్టకట్టినవి. మనిషి లెక్క రెమనీ లెక్క, ఎలిగాన్స్ లెక్క కాదు. మనలో ప్రతి ఒక్కరం బయటికి కనపడని చెడు ప్రతులు కొన్ని మోస్తుంటాం, వాటిని "తుడవడం" అంటే పసిబిడ్డలను పోగొట్టుకోవడం. ఈ పురుగును చూపించి ఎవరైనా మేనరికాన్ని సమర్థిస్తే దయచేసి ఒప్పుకోకండి. బాబాయితో ఇదే చెప్పాను, ఆయన విన్నాడు కూడా.

ఇక మన దేశం మాట. ఎలిగాన్స్‌కు చల్లటి చోట్లు నచ్చుతాయి. వేడి దేశాల్లో దాని స్థానంలో ఎక్కువగా దొరికేవి బ్రిగ్సే, ట్రోపికాలిస్ అనే దాని బంధువులు. ఈ రెండూ ఉభయలింగులే. వింతేమిటంటే ఈ మూడు జాతులూ ఉభయలింగిత్వాన్ని ఎవరికి వారే, వేరువేరుగా సంపాదించుకున్నాయి. బ్రిగ్సే జన్యుక్రమం 2003లో చదివారు. ప్రపంచమంతా ప్రమాణంగా వాడే ఆ రకం, ఏఎఫ్16, అహ్మదాబాదు మట్టిలో దొరికింది. దానికి అతి దగ్గరి బంధువు, ఆడామగా విడిగా ఉండే సీనోరాబ్డైటిస్ నైగోనై. ఎక్కువగా వాడే దాని రకం తిరువనంతపురం నుంచి వెళ్లింది. ఈ రెండింటి జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి 2018లో ప్రచురించిన పని నాకు రెండు వైపులా పదునున్న కత్తిలా కనిపిస్తుంది. ఒంటరిగా కనడం మొదలుపెట్టాక బ్రిగ్సే వేల జన్యువులను పోగొట్టుకుంది, పోయినవాటిలో మగవాటికి పనికొచ్చేవే ఎక్కువ. వీర్యం పోటీలో గెలిపించే ఎంఎస్ఎస్ అనే చిన్న జన్యువులు ఉభయలింగి జాతులన్నింటిలోనూ మాయమయ్యాయి. వాటిని తిరిగి బ్రిగ్సే మగవాటికి ఇస్తే వాటి వీర్యం మళ్లీ పోటీకి నిలిచింది. మగతనం తుప్పుపడుతుందన్న వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం లేదు. అయినా ఇన్ని పోగొట్టుకున్న బ్రిగ్సేలో కూడా మగవి పుడుతున్నాయి, జతకడుతున్నాయి, పిల్లలు పుడుతున్నారు. పోయినవి పోటీకి సంబంధించిన జన్యువులు. కలయికకు కావలసినవి మిగిలాయి.

అహ్మదాబాదు, తిరువనంతపురం నుంచి పట్టిన పురుగులే ప్రపంచానికి ప్రమాణాలైనప్పుడు, మధ్యలో ఉన్న మన తోటల్లో ఏముందో చూడకుండా ఉండటం నాకు బాధగా ఉంటుంది. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. ప్లేట్లు, కొంచెం బాక్టీరియా, ఓపిక, కుళ్లిన పండ్లు చాలు. పండ్లకు మనకు కరువా?

కిందటేడు జూన్‌లో తొలకరి పడ్డ వారానికి నూజివీడు దగ్గర మా మామయ్య తోటకి వెళ్లాను. కోతలు అయిపోయాయి, చెట్ల కింద రాలిన రసాలు నల్లబడి, ఈగలు ముసిరి ఉన్నాయి. "ఆ కుళ్లు కాయలెందుకమ్మా, మంచివి పెట్టిస్తాను" అని మామయ్య ఒకటే గొడవ. నాలుగు చెట్ల కింద నుంచి విడివిడిగా డబ్బాల్లో పెట్టుకుని ల్యాబుకు తెచ్చాను. గుజ్జును ప్లేట్ల మీద పెడితే గంటలోపే పురుగులు బయటికి పాకాయి. ఒక్కోదాన్నీ తీగతో ఎత్తి ఒక్కో ప్లేటులో ఒంటరిగా పెట్టాను, మొత్తం 48. ఒంటరిగా ఉంచినప్పుడు పిల్లలు కంటే ఉభయలింగి, కనకపోతే తోడు కావలసింది.

నాలుగో రోజున కొన్ని ప్లేట్లు ఖాళీగానే ఉన్నాయి. 19 ప్లేట్లలో పిల్లలు కిక్కిరిసి ఉన్నాయి. వరసగా చూస్తూ పోతే, పంతొమ్మిదింటిలో రెండో చెట్టు కింది ప్లేటు ఒకదానిలో, అంచు దగ్గర, సన్నగా, చురుగ్గా ఒకటి తిరుగుతోంది. తోక చివర విచ్చుకుని ఉంది. దాన్ని మెల్లగా ఎత్తి, నాలుగో చెట్టు నుంచి వచ్చిన వంశంలో ఇంకా గుడ్డు పెట్టని ఉభయలింగి ఒకటి ఉన్న ప్లేటులో దించాను. మూత మీద తేదీ రాసి, ఆ రాత్రి ఇంటికెళ్లాను. నాలుగు రోజుల తర్వాత ఆ ప్లేటులో పెరిగి పెద్దవైన వాటిని లెక్కపెట్టాను. 212. వాటిలో మగవి 103.